కొత్త బండి అన్నరు, దెబ్బ దాచిన్రు!



మనం అంగడికి పోతే వంకాయను కూడా తిప్పి చూసి కొంటాం. పుచ్చు ఉంటే పక్కన పెడతాం. కుండ కొంటే వేలితో కొట్టి చూస్తాం. పగిలిన కుండ మోత వేరే ఉంటుంది. మరి లక్షల రూపాయలు పెట్టి కారు కొనేటప్పుడు ఏం చేస్తున్నాం? అద్దాల షోరూంలో మెరిసే రంగు చూస్తాం. బండికి పూలదండ వేస్తారు. ఫోటో దిగుతాం. చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి ఇంటికి వస్తాం.

ఆ బండికి లోపల పుచ్చు ఉంటే? అమ్మినవాళ్ళు అది తెలిసీ చెప్పకపోతే? అప్పుడు మనకు దారి ఉన్నదా? ఉన్నది. ఆ దారి గురించే ఈ పాఠం.

ఒక అక్క సంగతి

హుస్నాబాద్‌లో మన చదువుల కేంద్రానికి ఒక అక్క వస్తుంది. "నా పేరు వద్దు టీచరమ్మా. సంగతి చెప్పు. ఇంకొకరికి పనికొస్తది" అన్నది. అందుకే పేరు రాయడం లేదు.

అక్క కొడుకు డ్రైవరు. ఎనిమిదేండ్లు వేరేవాళ్ళ బండి నడిపాడు. సొంత బండి ఉంటే కిరాయి మనకే మిగులుతుంది గదా అని తల్లీకొడుకులు ఆలోచించారు. 2025 జూన్‌లో కరీంనగర్‌కు పోయి ఒక కొత్త కారు కొన్నారు. ధర 7,40,000 రూపాయలు. ముందుగా 1,60,000 కట్టారు. అందులో 80,000 అక్క పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు. మిగతాది మెడలో గొలుసు అమ్మిన పైసలు. 5,80,000 ఫైనాన్సు. నెలకు 12,300 కిస్తీ. బిల్లు మాత్రం కొడుకు పేరు మీద ఉన్నది.

ఇరవై రోజులు బండి బాగానే నడిచింది. జూలైలో పెద్ద వాన పడింది. వెనుక సీటు కింద నీళ్ళు నిలిచాయి. ఎడమ తలుపు మీద రంగు పొక్కు లేచింది. నాలుగు రోజుల్లో ఆ పొక్కు అరచేయంత అయింది.

మెకానిక్ దగ్గరికి తీసుకుపోయారు. ఆయన ఒక చిన్న అయస్కాంతం తీశాడు. కుడి తలుపుకు పెడితే టక్కున అతుక్కుంది. ఎడమ తలుపుకు పెడితే జారిపోయింది. తలుపు బోల్టుల మీద పానా తిప్పిన గీతలు ఉన్నాయి. ఆయన అన్నాడు:

"తమ్మీ, ఈ బండి ఎడమ దిక్కు గట్టిగ దెబ్బ తిన్నది. సొట్ట తీసి, పుట్టీ పెట్టి, మీద రంగు కొట్టిన్రు. ఇది ఇరవై రోజుల్ల అయిన పని కాదు. మీకు అమ్మకముందే అయింది."

తల్లీకొడుకులు షోరూంకు పోయారు. అక్కడివాళ్ళు ఒప్పుకోలేదు. "మీరే ఎక్కడనో గుద్ది ఉంటరు. బండి బాగుంది అని సంతకం పెట్టిన్రు గదా!" అన్నారు.

ఆ కాగితం ఇంగ్లీషులో ఉన్నది. ఎవరూ చదివి చెప్పలేదు. వీళ్ళూ అడగలేదు.

ఆ రాత్రి అక్క ఒక సంచి నిండా కాగితాలు పట్టుకొని కేంద్రానికి వచ్చింది. "బండి పోతే పోయింది అనుకుందమంటే, సంఘం అప్పు పోతదా? కిస్తీ ఆగుతదా?" అని కూర్చున్నది. ఆ రోజు వాచకం పక్కన పెట్టాం. ఆ సంచే మాకు పాఠం అయింది.

దాచి అమ్మడం తప్పు

దెబ్బ తిన్న బండిని అమ్మడమే తప్పు అని చట్టం అనదు. షోరూంకు వచ్చే దారిలో బండికి దెబ్బ తగలవచ్చు. బాగు చేసి అమ్మవచ్చు. కానీ ఆ సంగతి కొనేవాళ్ళకు చెప్పాలి. "ఈ బండికి ఈ దెబ్బ తగిలింది. ఇట్ల బాగు చేసినం. అందుకని ఇంత తగ్గిస్తం. ఇష్టమైతే తీసుకో" అనాలి. అప్పుడు కొనాలా వద్దా అన్నది మన ఇష్టం. చెప్పకుండా, కొత్త బండి ధర తీసుకొని అమ్మితే అది మోసం.

మన దేశంలో 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. వినియోగదారు అంటే పైసలు ఇచ్చి వస్తువు కొనేవాళ్ళు, సేవ పొందేవాళ్ళు. ఆ పాత చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. అందులో మనకు పనికొచ్చే మాటలు మూడు.

ఒకటి: వస్తువు గుణం ఏమిటి, ఎట్లాంటిది అని తెలుసుకునే హక్కు కొనేవారికి ఉన్నది.

రెండు: పాత వస్తువును గానీ, బాగు చేసిన వస్తువును గానీ కొత్తదని చెప్పి అమ్మితే అది అక్రమ వ్యాపారం.

మూడు: చెప్పవలసిన సంగతిని కావాలని దాచిపెడితే అది సేవలో లోపం.

అక్కకు ఈ మూడు చదివి వినిపించాను. "అయితే సంతకం పెట్టినమన్నది ఏమైతది?" అని అడిగింది. మంచి ప్రశ్న. సంతకం పెట్టిన కాగితాన్ని వాళ్ళు తప్పకుండా చూపిస్తారు. కానీ పైకి కనపడే గీతను చూసి సంతకం పెట్టడం వేరు. రంగు కింద దాచిన దెబ్బ తెలియక సంతకం పెట్టడం వేరు. దాచిన దానికి మనం ఒప్పుకున్నట్టు ఎట్ల అవుతుంది? ఆ మాటే ఫిర్యాదులో రాయాలి.

కిరాయి బండికి ఈ చట్టం వర్తిస్తుందా?

ఇది చాలామందికి తెలియదు. వ్యాపారం కోసం కొన్న వస్తువుకు ఈ చట్టం వర్తించదు. అందుకే కొందరు "నీది కిరాయి బండి, నీకు హక్కు లేదు" అని భయపెడతారు.

కానీ చట్టంలోనే ఇంకో మాట ఉన్నది. తన బతుకుదెరువు కోసం, తాను పని చేసుకోవడానికి కొన్న వస్తువు వ్యాపారం కిందికి రాదు. 1995లో సుప్రీంకోర్టు లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో దీన్ని వివరించింది. కొన్నవాడే ఆటో, కారు నడుపుకొని బతికితే అతడు వినియోగదారుడే. వేరేవాళ్ళతోనే నడిపించడానికి కొంటే కాదు. అక్క కొడుకు పేరు మీద బిల్లు ఉన్నది. నడిపేదీ అతడే. కాబట్టి అతనికి హక్కు ఉన్నది. "నేను నడుపుకొని కుటుంబాన్ని సాకుతున్నాను" అని ఫిర్యాదులో తప్పక రాయాలి.

ఎవరిని అడగాలి? డీలరునా, కంపెనీనా?

గోవాలో ఒకాయన 2011 మోడల్ కారు కోసం పైసలు కట్టాడు. డీలరు 2009లో తయారైన బండిని అంటగట్టాడు. అది అప్పటికే 600 కిలోమీటర్లకు పైగా తిరిగింది. అడుగున తుప్పు పట్టింది. పైన గీతలు పడ్డాయి. ఆయన వినియోగదారుల ఫోరానికి పోయాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2021 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఆ బండి సంగతి కారు తయారు చేసిన టాటా మోటార్స్‌కు తెలుసునని రుజువు కాలేదు. కాబట్టి కంపెనీ బాధ్యత లేదన్నారు. డీలరు బాధ్యత మాత్రం పోలేదు.

దీనివల్ల మనకు ఏం తెలిసింది? దెబ్బ దాచింది డీలరు అయితే మొదట పట్టవలసింది డీలరునే. తయారీలోనే లోపం ఉంటే కంపెనీని కూడా అడగాలి. అది ఎవరి తప్పో మనకు తేలకపోతే ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ రాయవచ్చు.

పోలీసు కేసు పెట్టవచ్చా? పెట్టవచ్చు. తెలిసి మోసం చేస్తే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద నేరం. కానీ ఆ దారి వేరు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక సంస్థ బీఎండబ్ల్యూ కారు కొన్నది. కొన్న కొద్ది రోజులకే లోపం బయటపడింది. వాళ్ళు పోలీసు కేసు పెట్టారు. అది హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు పోయింది. చివరికి 2024 జూలై 10న, 50 లక్షలు ఇచ్చి వ్యవహారం ముగించమని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే దాదాపు 15 ఏండ్లు! అంతకాలం మనం ఆగగలమా? మన పైసలు మనకు రావాలంటే వినియోగదారుల కమిషన్ దారి దగ్గర.

ముందు చేయవలసిన పనులు

1. బండిని వెంటనే బాగు చేయించవద్దు. బాగు చేస్తే సాక్ష్యం పోతుంది. నాలుగు దిక్కులా ఫోటోలు తీయండి. పొక్కు, బోల్టులు, నీళ్ళు నిలిచిన చోటు దగ్గరగా తీయండి.

2. తెలిసిన మెకానిక్‌తో కాగితం మీద రాయించండి. ఏ తేదీన చూశాడు, ఏం చూశాడు, దెబ్బ ఎంత పాతది అని రాసి సంతకం పెట్టాలి. నోటి మాట నిలువదు.

3. కాగితాలన్నీ ఒక్క చోట పెట్టండి. బిల్లు, డబ్బు కట్టిన రసీదులు, అమ్మకం పత్రం, ఇన్సూరెన్సు, ఫైనాన్సు కాగితాలు, వారంటీ పుస్తకం. అమ్మకం పత్రాన్ని ఫారం 21 అంటారు. అందులో చాసిస్ నంబరు, ఇంజను నంబరు, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. బండి మీద ఉన్న నంబర్లతో సరి చూడండి. అంకెలు మనకు వచ్చు గదా!

4. కిస్తీ ఆపవద్దు. ఇది చాలా ముఖ్యం. ఫైనాన్సు ఇచ్చినవాళ్ళు వేరు, బండి అమ్మినవాళ్ళు వేరు. కిస్తీ ఆపితే వాళ్ళు బండి గుంజుకుపోతారు. అప్పుడు చూపించడానికి బండే ఉండదు.

5. షోరూంకు ఉత్తరం రాయండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి. పదిహేను రోజుల గడువు ఇవ్వండి.

6. 1915 నంబరుకు ఫోన్ చేయండి. ఇది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. తెలుగులో మాట్లాడవచ్చు. ఫిర్యాదు నంబరు ఇస్తారు. కొన్ని తగాదాలు ఇక్కడే తెగిపోతాయి.

అక్క ఈ ఆరు పనులూ చేసింది. ఉత్తరం తానే రాసింది. మూడు సార్లు కొట్టేసి రాసింది. షోరూం నుంచి జవాబు రాలేదు.

జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు

వస్తువుకు మనం కట్టిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కు పోవాలి. దీన్ని పాతవాళ్ళు వినియోగదారుల ఫోరం అనేవాళ్ళు. కరీంనగర్‌లో ఉన్నది. సంగారెడ్డిలో ఉన్నది. డీలరు ఉన్న చోట గానీ, మనం ఉండే చోట గానీ ఫిర్యాదు చేయవచ్చు. మన ఊరు ఏ కమిషన్ కిందికి వస్తుందో బస్సు ఎక్కకముందే ఫోన్ చేసి అడగండి. అక్కవాళ్ళు బండి కొన్నది కరీంనగర్‌లో. కాబట్టి అక్కడికే పోయారు.

గడువు: సంగతి జరిగిన నాటి నుంచి రెండేండ్లు. అంతవరకు ఆగకండి. ఆలస్యమైతే ఎందుకైందో రుజువు చూపాలి.

ఫీజు: ధర 5 లక్షల వరకు ఉంటే ఏమీ లేదు. 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు. 10 నుంచి 20 లక్షల వరకు 400. 20 నుంచి 50 లక్షల వరకు 1,000. అక్కవాళ్ళు కట్టింది 200 రూపాయలు.

వకీలు: తప్పనిసరి కాదు. మన కేసు మనమే చెప్పుకోవచ్చు. కాగితం రాసి ఇస్తే మన తరఫున ఇంకొకరు కూడా హాజరు కావచ్చు. వకీలు కావాలంటే న్యాయ సేవల సంస్థను అడగండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఆదాయం ఎంత అని చూడరు. ఎస్సీ, ఎస్టీలకు కూడా అంతే. ఫోన్ నంబరు 15100.

ఫిర్యాదు ఇట్ల రాయండి

కమిషన్ అధ్యక్షుల వారికి,

ఫిర్యాదుదారు: (బిల్లు మీద ఉన్న పేరు, ఊరు)
ఎదుటి పక్షం: (షోరూం పేరు, చిరునామా)

అయ్యా / అమ్మా,

నేను ...... తేదీన ఎదుటి పక్షం వద్ద ...... రూపాయలకు కొత్త కారు కొన్నాను. చాసిస్ నంబరు ...... . ఈ కారును నేనే నడుపుకొని నా కుటుంబాన్ని పోషిస్తున్నాను.

...... తేదీన కారు ఎడమ తలుపు రంగు పొక్కి, లోపలికి నీళ్ళు వచ్చాయి. మెకానిక్ చూసి, అమ్మకముందే కారు దెబ్బ తిన్నదని, పుట్టీ పెట్టి రంగు వేశారని రాసి ఇచ్చాడు. ఈ సంగతి అమ్మేటప్పుడు నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఈ కారు కొనేవాడిని కాను.

...... తేదీన ఉత్తరం రాశాను. జవాబు ఇవ్వలేదు.

కాబట్టి కారు మార్చి ఇవ్వాలని, లేదా ధర వాపసు ఇవ్వాలని, నాకు కలిగిన నష్టానికి ...... రూపాయలు, ఖర్చులకు ...... రూపాయలు ఇప్పించాలని కోరుతున్నాను.

జతపరచిన కాగితాలు: ......
తేదీ, సంతకం.

దీనికి ప్రమాణ పత్రం కూడా జత చేయాలి. ఎన్ని నకళ్ళు కావాలో కమిషన్ ఆఫీసులో చెప్తారు. కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఉంటే ఈ-జాగృతి ద్వారా కూడా పంపవచ్చు.

నష్టం ఎంత అని ఊరికే పెద్ద అంకె వేయకండి. బండి ఎన్ని రోజులు ఆగింది, రోజుకు కిరాయి ఎంత పోయింది, మెకానిక్‌కు ఎంత ఇచ్చాం అని లెక్క రాయండి. లెక్క ఉన్న మాటకే విలువ.

కమిషన్ ఏం చేస్తుంది?

ఫిర్యాదు తీసుకుంటే డీలరుకు నోటీసు పంపుతుంది. అతడు 30 రోజుల్లో జవాబు చెప్పాలి. ఇంకో 15 రోజులు గడువు ఇవ్వవచ్చు. కంటికి తేలని లోపం అయితే వస్తువును పరీక్షకు పంపుతుంది. షోరూం దగ్గర ఉన్న కాగితాలు తెమ్మని కూడా చెప్పగలదు. ఆ బండికి అమ్మకముందు ఏం పని చేశారో అందులో బయటపడవచ్చు.

మన మాట నిజమని తేలితే బండి బాగు చేయమనవచ్చు. మార్చి ఇమ్మనవచ్చు. ధర వాపసు ఇమ్మనవచ్చు. నష్టపరిహారం ఇప్పించవచ్చు. ఆ ఆదేశం పాటించకపోతే నెల నుంచి మూడేండ్ల వరకు జైలు, లేదా 25,000 నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. డీలరు పై కమిషన్‌కు పోవాలంటే 45 రోజుల్లో పోవాలి. కట్టమన్న సొమ్ములో సగం ముందే అక్కడ కట్టాలి.

మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం చెప్తుంది. నిజానికి చాలాసార్లు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. వాయిదాలు ఉంటాయి. ఓపిక కావాలె. నడుమ రాజీకి పిలిస్తే పోవచ్చు. కానీ కాగితం మీద రాసి, చదివి, అప్పుడే ఒప్పుకోండి.

పాత బండి కొంటే?

పాత బండ్లు అమ్మే దుకాణంలో కొన్నా ఈ చట్టం వర్తిస్తుంది. పాత బండి పాతగానే ఉంటుంది. చిన్న చిన్న అరుగుదలకు కేసు నిలువదు. కానీ యాక్సిడెంట్ అయిన బండిని కాలేదని చెప్పి అమ్మితే అది మోసం. "యాక్సిడెంట్ కాలేదు, నీళ్ళలో మునగలేదు" అని బిల్లు మీద రాయించుకోండి. రాయను అంటే ఆ బండి మనకు వద్దు. పొరుగువారి దగ్గరో, చుట్టాల దగ్గరో కొంటే ఈ కమిషన్ దారి ఉండదు. వాళ్ళు వ్యాపారులు కారు గదా. అప్పుడు సివిల్ కోర్టుకు పోవాలి.

కొనకముందే చూడండి

పగటి వెలుతురులో చూడండి. రాత్రి దీపాల కింద సొట్ట కనపడదు. రెండు తలుపుల రంగు ఒక్కతీరుగ ఉన్నదా? తలుపుల సందులు సమానంగా ఉన్నాయా? అద్దాల మీద గుర్తులు అన్నీ ఒక్కతీరుగ ఉన్నాయా? ఒక చిన్న అయస్కాంతం కొంగున కట్టుకొని పోండి. ఇనుప రేకుకు అతుక్కుంటుంది. పుట్టీ మందంగా ఉంటే జారుతుంది. బంపరు ప్లాస్టిక్ ది కాబట్టి దానికి అతుక్కోదు. దాన్ని చూసి భయపడకండి. మీటరు మీద ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో చూడండి.

అన్నిటికన్నా ముందు, చదవని కాగితం మీద సంతకం వద్దు. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమనండి. ఖాళీలు ఉన్న కాగితం మీద అసలే వద్దు.

అక్క కరీంనగర్‌కు పోయిన రోజు

2025 అక్టోబరులో ఫిర్యాదు వేశారు. వాయిదా రోజు కొడుకుకు కిరాయి ఉన్నది. కిరాయి పోతే కిస్తీకి కష్టం. అందుకని కొడుకు కాగితం రాసిస్తే, తల్లి హాజరైంది. మహాలక్ష్మి పథకంలో బస్సు చార్జీ లేదు. పొద్దున్నే సద్ది కట్టుకొని పోయింది.

తిరిగి వచ్చి కేంద్రంలో చెప్పింది: "గోడకు కాగితం అంటిచ్చిన్రు. అందరు బంట్రోతును అడుగుతున్నరు. నేను అడగలే. వేలు పెట్టి చదువుకుంట పోయిన. పదకొండో నంబరు కాడ నా కొడుకు పేరు ఉన్నది. దాని పక్కనే ఆ షోరూం పేరు. ఇద్దరిది ఒక్క వరుసలనే రాసిన్రు టీచరమ్మా. వాళ్ళది పెద్దగ, మాది చిన్నగ రాయలే."

తీర్పు ఇంకా రాలేదు. కిస్తీ కడుతూనే ఉన్నారు. కానీ షోరూంవాళ్ళు ఇప్పుడు "మీరే గుద్దిన్రు" అని ఊరికే అంటే సరిపోదు. కాగితం మీద జవాబు చెప్పాలి.

గుర్తు పెట్టుకోండి

దెబ్బ దాచి కొత్తదని అమ్మడం మోసం.
బిల్లు ఎవరి పేరు మీద ఉంటే ఫిర్యాదు వాళ్ళదే.
బాగు చేయించకముందే ఫోటోలు, మెకానిక్ కాగితం.
కిస్తీ ఆపవద్దు.
గడువు రెండేండ్లు.
ఫోన్ నంబర్లు: 1915, 15100.

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో ఈ మధ్య కొన్న పెద్ద వస్తువు ఏది? దాని బిల్లు ఎవరి పేరు మీద ఉన్నది? ఎక్కడ దాచారు?
2. మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితం ఏదైనా ఉన్నదా? రేపు కేంద్రానికి తెండి. అందరం కలిసి చదువుదాం.
3. పై ఫిర్యాదులో ఖాళీలు నింపి ఒకసారి మీ చేతితో రాయండి.